ఒడ్డు, గట్టు, తీరం

మా కాలేజీలో ఇంగ్లీషు మాష్టారు సెలవు పెడితే ఆ గంట ఎవరో ఒకరు నింపాలి. తెలుగు మాష్టారంటే ఎప్పుడూ ఖాళీగానే వుంటాడని లోకానికి ఒక నమ్మకం. అంచేత మొన్నీమధ్య డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్ళ దగ్గరికి నన్ను పంపారు. "పాఠం ఏమీ అక్కర్లేదు, వూరికే కూర్చోబెట్టండి చాలు" అన్నారు.

వూరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఆ పిల్లలకు అంతకంటె చేతకాదు. నేను కుర్చీ లాక్కుంటూ వుండగానే వెనక బల్ల మీంచి ఒక కుర్రాడు లేచాడు. నిజాంపట్నం వైపు వాడు. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్తాడు.

"మాష్టారూ, ఒడ్డుకు ఇంగ్లీషులో ఏమంటారండీ?"

"షోర్ అంటారు" అన్నాను, ఇంత తేలిక ప్రశ్న ఏమిటా అనుకుంటూ.

"మరి ఈ పాఠంలో బ్యాంక్ అన్నాడండీ. వెనక పాఠంలో కోస్ట్ అన్నాడు. పద్యంలో బీచ్ అన్నాడు. నిఘంటువు తీస్తే అన్నిటికీ 'ఒడ్డు, తీరము' అనే రాసి వుందండీ. అన్నీ ఒకటే అయితే ఇన్ని మాటలెందుకండీ వాళ్ళకి?"

తరగతి అంతా నావైపు తిరిగింది. "రేపు చెప్తాను" అన్నాను. ఉపాధ్యాయులకు ఆ మాటే పెద్ద ఆధారం. ఆ రేపు వచ్చేసరికి రెండు వారాలు పట్టింది. ఈ లోపల నాకు తెలిసిన ఇంగ్లీషు వాళ్ళ నిఘంటువులూ, మన నిఘంటువులూ తిరగేశాను. తీరా చూస్తే సంగతి పుస్తకాల్లో ఆగలేదు. 2023 లో మా బాబాయి ప్రాణం మీదికి వచ్చిన ఒక ముచ్చట దగ్గర తేలింది. ఆ కుర్రాడికి చెప్పిందే మీకూ చెప్తాను.

పొన్నూరులో పుట్టినవాడికి నీళ్ళంటే ముందు కాలవ నీళ్ళు. కృష్ణ పశ్చిమ డెల్టా కాలవలు లేనిదే మాకు వరి లేదు, వరి లేనిదే మేము లేము. కాలవకు వుండేది గట్టు. పొలానికి వుండేదీ గట్టే. చెరువుకు కట్ట. కృష్ణ పొంగి వూళ్ళమీద పడకుండా పోసింది కరకట్ట. గట్టు అనగానే ఎత్తు గుర్తుకు రావాలి. మనిషి దానిమీద నడవాలి, కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవాలి, అవసరమైతే పక్క పొలంవాడితో పేచీ పెట్టుకోవాలి. జానెడు గట్టు కోసం మూడు తరాలు కోర్టుకు తిరిగిన కుటుంబాలు మా వైపు తక్కువేం కాదు.

ఇంగ్లీషు బ్యాంక్ సరిగ్గా ఇదే. స్కాండినేవియా నుంచి ఇంగ్లండుకు వచ్చినవాళ్ళ భాషలో మిట్ట, దిబ్బ అనే అర్థమున్న మాట అది. అంచేత నదికి బ్యాంక్ వుంటుంది, కాలవకు వుంటుంది. సముద్రానికి వుండదు. మనమూ సముద్రపు గట్టు అనం కదా! నీళ్ళు ఒక కొలతలో, రెండు మిట్టల మధ్య నడుస్తుంటేనే గట్టు అన్న మాట నప్పుతుంది.

"మరి డబ్బు దాచే బ్యాంకో మాష్టారూ?" అన్నాడు ముందు బల్ల కుర్రాడు. అదీ చెప్పాలి. ఇటలీలో సొమ్ము మార్చే వర్తకులు బల్ల వేసుకు కూర్చునేవారు. ఆ బల్ల పేరే వాళ్ళ వ్యాపారానికి వచ్చింది. బల్లకూ మిట్టకూ మూలం పాత జర్మానిక్ భాషల్లో ఒకటేనని భాషావేత్తలు చెప్తారు. మనకు ఇది వింత కాకూడదు. చెరువుకు వుండేదీ కట్టే, నోట్లకు వుండేదీ కట్టే. వాళ్ళ బ్యాంకులో మన కట్టలు దాచుకుంటున్నాం, అంతే తేడా.

బ్యాంక్ సంగతి ఇలా తేలిపోయింది. అసలు చిక్కు షోర్‌కూ కోస్ట్‌కూ మధ్యన వుంది.

రెండూ సముద్రం పక్కనున్న నేలే. కాని షోర్ అన్నవాడు నీళ్ళలో వున్నాడు, కోస్ట్ అన్నవాడు నేలమీద వున్నాడు. ఒక మనిషి విశాఖపట్నంలో ఓడ ఎక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాడనుకోండి. షోర్ నుంచి షోర్‌కు వెళ్ళాడంటారు, మధ్యనున్నదంతా నీరు. అదే మనిషి బందరులో కారెక్కి గోవాలో దిగితే కోస్ట్ నుంచి కోస్ట్‌కు వెళ్ళినట్టు, మధ్యనున్నదంతా నేల. మాటలు రెండూ ఒకే గీత గురించే చెప్తున్నాయి. ఆ గీతకు చెప్పేవాడు ఏ పక్కన నిలబడ్డాడన్నదే తేడా.

మాటల పుట్టుక చూసినా ఇదే తోస్తుంది. షోర్‌ను, కోత అనే అర్థమున్న ఒక పాత ధాతువుతో నిఘంటుకారులు ముడిపెడతారు. నేల తెగిపోయిన చోటు అన్నమాట. కోస్ట్ లాటిన్ మాట నుంచి వచ్చింది. అక్కడ దానికి అర్థం పక్కటెముక. దేశానికి పక్కటెముక లాంటి నేల కోస్ట్. సంస్కృతంలో పార్శ్వం అన్న మాట కూడా పక్కటెముక నుంచి వచ్చినదే. అటు రోముకూ, ఇటు మనకూ పక్క అనగానే ఎముకే తట్టిందంటే మనిషికి తన ఒళ్ళే మొదటి నిఘంటువని ఒప్పుకోవాలి.

పోర్చుగీసువాళ్ళు దీన్ని కోస్తా అనే అంటారు. మనమూ అదే అంటాం. కోస్తా జిల్లాలు, కోస్తా ఆంధ్ర. ఇక్కడ మా వూరి సంగతి ఒకటి చెప్పుకోవాలి. మా గుంటూరు జిల్లాకు పూర్వం సముద్రం వుండేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం అన్నీ బాపట్ల జిల్లాకు వెళ్ళాయి. వాటితోపాటు సముద్రమూ వెళ్ళింది. పొన్నూరు మాత్రం గుంటూరు జిల్లాలోనే వుండిపోయింది. అంటే మా జిల్లాకు ఇప్పుడు షోర్ లేదు. అయినా రాయలసీమ బంధువులు వస్తే "మీ కోస్తావాళ్ళు" అనడం మానలేదు, మేమూ పులుసులో బెల్లం మానలేదు. కోస్ట్ అన్నది ఒక ప్రాంతమూ, ఒక బతుకుతీరూ అని ఇంతకంటె రుజువేం కావాలి?

ఇక మన ఒడ్డు సంగతి. దీన్ని గురించి నాకు పాఠం చెప్పినవాడు ఆ నిజాంపట్నం కుర్రాడే.

కార్తీక పౌర్ణమికి పొన్నూరు నుంచి జనం బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్తారు. ఏమని చెప్పి వెళ్తారు? "సముద్రానికి వెళ్తున్నాం" అంటారు. "ఒడ్డుకు వెళ్తున్నాం" అని ఒక్కరూ అనరు. నిజానికి వాళ్ళు వెళ్ళేది ఒడ్డుకే. మోకాలిలోతు దాటి దిగేవాళ్ళు తక్కువ. నేను ఈ మాట తరగతిలో అనగానే ఆ కుర్రాడు లేచి, "అవునండీ, మా ఇంట్లో కూడా ఒడ్డుకొచ్చారు అంటే బోటు తిరిగి వచ్చిందనే అర్థమండీ. ఇంట్లో వున్నవాళ్ళు సముద్రం అంటారు, సముద్రం మీద వున్నవాళ్ళు ఒడ్డు అంటారు" అన్నాడు.

నేను చాక్‌పీసు కిందపెట్టి కూర్చున్నాను. రెండు వారాలు నిఘంటువులు తిరగేసి నేను పట్టింది, ఆ పిల్లవాడు ఇంట్లో అన్నం తింటూ పట్టాడు. "ఒడ్డుకు రారా!" అని ఎవర్ని కేకేస్తాం? నీళ్ళలో వున్నవాణ్ణి. ఒడ్డు అనేది నీటిలోంచి చూసేవాడి మాట. ఇంగ్లీషు షోర్‌కు దగ్గర చుట్టం అదే. తేడా ఒక్కటి. షోర్ పెద్ద నీటికే చెల్లుతుంది. మన ఒడ్డు సముద్రానికీ, ఏటికీ, చెరువుకూ, చివరికి ఇంటిముందు వాననీటి మడుగుకు కూడా చెల్లుతుంది.

ఆ ఇంగ్లీషు మాట మన నేలకు వచ్చింది కూడా నీటివైపు నుంచే. 1611 లో ఈస్టిండియా కంపెనీవారి ఓడ ఒకటి, దాని పేరు గ్లోబ్, కెప్టెన్ హిప్పన్ అనే ఆయన నాయకత్వాన మన తీరానికి వచ్చింది. పెటపోలి అని వాళ్ళు రాసుకున్న రేవులో ఆగింది, తర్వాత బందరు వెళ్ళింది. ఆ పెటపోలి అంటే పెద్దపల్లి. అదే నేటి నిజాంపట్నం. ఈ మాట చెప్పేసరికి మా కుర్రాడి ముఖం చూడాలి! ఇంగ్లీషువాడు ఓడ దిగుతూ షోర్ అని వేలు చూపించిన నేలమీద వాళ్ళ తాతముత్తాతలు వలలు ఆరేసుకుంటూ వుండివుంటారు.

బీచ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇప్పుడది తెలుగు మాటే. పూర్వం ఇంగ్లీషులో దానికి అలలు అరగదీసిన గులకరాళ్ళు అని అర్థం. రాళ్ళున్న చోటుకు ఆ పేరు వచ్చి, తర్వాత ఇసక వున్న చోటుకూ చెల్లింది. మన పండితులు సైకతం, పుళినం అంటారు. మిగతావాళ్ళు ఇసకతిన్నెలు అంటారు. బీచికి మనం వేరుసెనక్కాయలు తినడానికి వెళ్తాం. మిగతా మాటలకు వున్న బరువు దీనికి లేదు.

బరువున్న మాట ఇంకోటి వుంది, స్ట్రాండ్. ఇదీ ఒడ్డే, ముఖ్యంగా ఇసక ఒడ్డు. లండన్‌లో స్ట్రాండ్ అని ఒక పేరుమోసిన వీధి వుంది. అది ఒకప్పుడు థేమ్స్ నది ఒడ్డు. తర్వాత నదికి రాతికట్ట కట్టి నీటిని దూరం జరిపారు. పేరు మాత్రం వీధిలోనే వుండిపోయింది. మన తెలుగువాళ్ళు వేలకొద్దీ పనులకు వెళ్ళిన రంగూన్‌లోనూ నది పక్కన స్ట్రాండ్ రోడ్డు వుంది.

ఈ స్ట్రాండ్ నుంచి పుట్టిందే, మన పిల్లలు కూడా ఇప్పుడు తరచు వాడే మాట: స్ట్రాండెడ్. బస్సు చెడిపోయి దారిలో చిక్కుబడితే స్ట్రాండెడ్, విమానం రద్దయితే స్ట్రాండెడ్. దిక్కుతోచక, కదల్లేక వుండిపోవడం. అక్షరాలా అర్థం చూస్తే, ఒడ్డున పడ్డాడు!

ఇప్పుడు తెలుగులో ఆలోచించండి. "పాపం, పిల్ల పెళ్ళి చేసి ఒడ్డున పడ్డాడు" అంటాం. "అప్పులు తీర్చి ఒడ్డున పడ్డాం" అంటాం. పరీక్ష పోకుండా బయటపడితే గట్టెక్కాడంటాం. భగవంతుణ్ణి దరిచేర్చమని వేడుకుంటాం. ఇంగ్లీషువాడికి ఒడ్డున పడటం ఆపద. మనకు ఒడ్డున పడటం ఆపద తీరడం. ఒకే ఇసక, రెండు అర్థాలు!

కారణం వెతికితే మళ్ళీ అదే చోటికి వస్తాం. ఆ ఇంగ్లీషు మాట ఓడ తరపున మాట్లాడుతోంది. ఓడకు నీరే ఇల్లు. ఇసకలో కూరుకుపోతే దాని పని అయిపోయినట్టే. మన మాట మనిషి తరపున మాట్లాడుతోంది. మనిషికి నేల ఇల్లు. ఈదుకుంటూ వచ్చినవాడికి ఇసక తగిలితే ప్రాణం నిలిచినట్టు.

అయితే మనవాళ్ళకు ఓడ బాధ తెలియదనుకోకండి. చీరాల దగ్గర మోటుపల్లి అని వూరుంది. కాకతీయుల నాడు అది గొప్ప రేవు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవ చక్రవర్తి 1244–45 లో వేయించిన శాసనం వుంది. అభయశాసనం అని పేరు. అందులో సంగతి ఇది: దేశదేశాలకు వెళ్ళే ఓడలు గాలివానకు చెడి ఒడ్డుకు కొట్టుకువస్తే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాగేసుకునేవారు. తాను అలా చెయ్యననీ, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ చక్రవర్తి మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్ఫయ్యో వంతు. ప్రాణం కంటె ధనమే ఎక్కువని సముద్రం మీదికి వచ్చినవాళ్ళ మీద దయతోనూ, కీర్తి కోసం, ధర్మం కోసమూ ఇలా చేస్తున్నానని కారణం కూడా చెప్పాడు.

అదే రోజుల్లో ఇంగ్లండు ఏం చేస్తోంది? 1275 లో మొదటి ఎడ్వర్డు రాజు వెస్ట్‌మినిస్టరు చట్టం చేశాడు. చెడిన ఓడలోంచి ఒక మనిషి గాని, ఒక కుక్క గాని, ఒక పిల్లి గాని ప్రాణాలతో బయటపడితే ఆ సరుకును దిక్కులేని సొత్తుగా లెక్కకట్టకూడదన్నారు. సొంతదారు ఏడాది మీద ఒక రోజులోపల వచ్చి రుజువు చూపిస్తే అతనికి ఇచ్చెయ్యాలి. అంతవరకూ బాగానే వుంది. పిల్లి కూడా మిగలకపోతే మాత్రం సరుకు రాజుదే! మోటుపల్లి రేవులో పిల్లిని లెక్కపెట్టే పని లేదు. ముప్ఫై ఏళ్ళు ముందే మా ఇసక మీద పడినవాడికి అభయం దొరికింది. ఒడ్డున పడటం అంటే మనకు మంచి అర్థం వుండటానికి ఒక్క రాజు కారణం కాడనుకోండి. అయినా ఆ అర్థానికి తగిన రాజు దొరికాడు.

"ఇంతకీ ఒడ్డు ఎక్కడి దాకా మాష్టారూ?" అని ఒక అమ్మాయి అడిగింది. ఇదీ మంచి ప్రశ్నే. మన పెద్దలు వేల అన్న మాట వాడారు. సముద్రపు హద్దుకూ వేలే, పోటుకూ వేలే, కాలానికీ వేలే. మనం రోజూ అనే "భోజనం వేళ" ఈ మాటే. ఇంగ్లీషులో ఆటుపోట్లను టైడ్ అంటారు. దాని పాత అర్థం కూడా కాలమే. అంటే ఒడ్డు ఒకచోట నిలిచే గీత కాదు, వేళను బట్టి జరిగే గీత. పాత రోమనుల ధర్మశాస్త్రం ఇంకొంచెం కచ్చితంగా చెప్పింది: చలికాలంలో అతి పెద్ద అల ఎంతదూరం వస్తే అంతవరకూ ఒడ్డే.

ఆ లెక్క వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. 1977 నవంబరు 19న మన తీరం మీద విరుచుకుపడ్డ తుఫానుకు సముద్రం లేచి దివిసీమలో మైళ్ళకొద్దీ లోపలికి వచ్చింది. ప్రభుత్వం లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. అంతకు ముందు 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో ముప్ఫై వేలమంది పోయారంటారు. రోమనుల లెక్క ప్రకారం ఆ రాత్రి బందరంతా ఒడ్డే. ఆ రోజు దివిసీమంతా ఒడ్డే.

ఇక బాబాయి సంగతి.

మా బాబాయికి బాపట్ల వైపు పల్లెలో మూడెకరాల వరి. 2023 డిసెంబరు మొదటి వారం. కోతలు నడుస్తున్నాయి. మిగ్‌జాం తుఫాను వస్తోందని మూడు రోజుల ముందునుంచే చెప్తున్నారు. బాబాయి అరెకరం కోసినంతవరకు కుప్ప వేసి పట్టా కప్పాడు. మిగతాది కొంత పనల మీదా, కొంత చేను మీదా వుండిపోయింది. నాలుగో తేదీ నుంచి వాన. అయిదో తేదీ మంగళవారం మధ్యాహ్నం టీవీలో చెప్పారు: "తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటుతోంది." మా పిన్ని వంటింట్లో వుంది. కరెంటు పోతూ వస్తూ వుంది. కాసేపటికి వార్త మళ్ళీ వచ్చింది: "తీరం దాటింది." ఆ తర్వాత ఇంకా ఏదో చెప్పబోతుండగా కరెంటు పూర్తిగా పోయింది.

బాబాయి "హమ్మయ్య" అని లేచి, తలకు తువ్వాలు చుట్టి, కుప్పమీద పట్టా వుందో లేచిపోయిందో చూసొస్తానని పొలానికి వెళ్ళాడు.

తర్వాత జరిగింది ఆయన మాటల్లోనే చెప్పాలి. "కాలవ గట్టు మీద వుండగా పట్టుకుందిరా గాలి. నిలబడితే తోసేస్తోంది. పట్టా లేచి గాలిపటంలా నా తలమీద నుంచే పోయింది. ఇక లాభం లేదని గట్టుకు ఇవతలి పక్క బోర్లా పడుకుని గడ్డి పట్టుకున్నా. నాకు రెండు బారల దూరంలో తాటిచెట్టు పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో వుంది. గట్టు లేకపోతే నేను లేను."

చీకటిపడే వేళకు, ఒళ్ళంతా బురదతో, పాకినంత పనిచేసి ఇంటికి చేరాడు. మర్నాడు నేను వెళ్ళేసరికి మంచంమీద దుప్పటి కప్పుకుని కూర్చుని వున్నాడు. పిన్ని ఇంకా ఏడుస్తూనే వుంది.

"అంత తుఫానులో పొలానికి వెళ్ళడమేమిటి బాబాయ్?" అన్నాను కాస్త కోపంగానే.

"తీరం దాటిందన్నారు కదరా!"

"అయితే?"

"అయితే ఏమిటిరా? దాటింది అంటే పోయిందనేగా! గండం దాటింది అంటే ఏమిటి? వూరు దాటింది అంటే ఏమిటి? రైలు నిడుబ్రోలు దాటిందంటే ఇక అందదనేగా! తుఫాను కూడా మనల్ని దాటి వెళ్ళిపోయిందనుకున్నా."

"అది సముద్రంలోంచి వచ్చి తీరం దాటింది బాబాయ్. అంటే మనమీదికి వచ్చిందని అర్థం."

ఆయన కాసేపు నావైపు చూశాడు. "మరి ఆ ముక్క అలా చెప్పొచ్చుగా!" అన్నాడు.

నేను తెలుగులో ఎమ్మే చదివినవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఆ భాషే చెప్పి జీతం తీసుకుంటున్నాను. ఆయన మాటకు నా దగ్గర సమాధానం లేదు.

వాతావరణం వాళ్ళ తప్పేమీ లేదు. తుఫాను కేంద్రం సముద్రం వదిలి నేలను తాకి లోపలికి రావడాన్ని ఇంగ్లీషులో కోస్ట్ దాటడం అంటారు. శాస్త్రానికి ఆ మాట సరిగ్గా సరిపోతుంది. మనం దాన్ని మాటకు మాటగా దించుకున్నాం. కాని ఆ మాట తుఫానుతోపాటు సముద్రంలోంచి వస్తున్నవాడి మాట. ఇటు నేలమీద, ఇంట్లో, పిల్లలతో కూర్చున్నవాడి చెవికి అది తలకిందులుగా వినిపించింది. పైగా తెలుగులో దాటడం అంటే చాలా వరకు మేలుకే. తీరం అన్న మాట కూడా సంస్కృతంలో దాటు అనే ధాతువు నుంచే వచ్చిందంటారు. తీర్థం, తరించడం ఆ ఇంటివే. అవతలి ఒడ్డు పారం. అది చేరినవాడు పారంగతుడు, అది లేనిది అపారం. ఇంత పుణ్యం మూటగట్టుకున్న మాటలతో చెప్తే, ఆ పల్లెటూరి రైతు "హమ్మయ్య" అనక ఏమంటాడు?

ఆ రోజు మధ్యాహ్నం తుఫాను తీరానికి చేరేసరికి గాలి గంటకు తొంభై నుంచి వంద కిలోమీటర్ల వేగం. తుఫాను కేంద్రం వూరిమీద నుంచి వెళ్ళేటప్పుడు కొంతసేపు గాలి తగ్గుతుందనీ, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విసురుతుందనీ శాస్త్రజ్ఞులు చెప్తారు. ఆ తెరిపి చూసి బయటికి వచ్చినవాడికే ముప్పు ఎక్కువ. సరిగ్గా ఆ వేళకు "దాటింది" అన్న మాట చెవిన పడితే ఎంత చేటో చూడండి.

బాబాయే ఇంకో మాట అన్నాడు. డెబ్బయ్యేడులో ఆయనకు పదహారేళ్ళు. "అప్పుడు ఎవడూ తీరం దాటిందనలేదురా. ఉప్పెన వచ్చింది అన్నారు. ఉప్పెన అంటే చంటిపిల్లకు కూడా తెలుసు, ఎటు పరిగెత్తాలో."

ఇది విని నేను తరగతిలో నల్లబల్ల మీద ఒక పట్టీ రాయించాను. బ్యాంక్ ఎదురుగా గట్టు. షోర్ ఎదురుగా ఒడ్డు. కోస్ట్ ఎదురుగా కోస్తా, తీరప్రాంతం. బీచ్ ఎదురుగా ఇసకతిన్నెలు, లేదా బీచే. స్ట్రాండెడ్ ఎదురుగా మాత్రం ఒడ్డు అన్న మాట రానివ్వవద్దనీ, "చిక్కుబడ్డాడు" అని రాయమనీ చెప్పాను. చివర్న, "తుఫాను తీరం దాటింది" అని రాసి, "దీన్ని మీ ఇంట్లో అమ్మకు అర్థమయ్యేట్టు తిరిగి రాయండి" అన్నాను.

తలా ఒక రకంగా రాశారు. "తుఫాను నేలమీదికి వచ్చింది" అన్నారు కొందరు. "తుఫాను వూళ్ళమీద పడింది" అన్నారు ఇంకొందరు. నిజాంపట్నం కుర్రాడు అందరికంటె ఆలస్యంగా కాగితం ఇచ్చాడు. దానిమీద ఒక్క వాక్యం వుంది: "తుఫాను ఒడ్డెక్కింది, తలుపులు తియ్యకండి."

దానికి నేను పదికి పది వేశాను. మా బాబాయికి చదివి వినిపించాను. "ఆ కుర్రాణ్ణి టీవీలో పెట్టమను" అన్నాడు. పక్కన కుప్ప తాలూకు కొత్త పట్టా మడతపెట్టి వుంది. ఆ ఏడు ఆయనకు దక్కింది ఆ అరెకరం ధాన్యమే. అదీ రంగు మారి, సగం ధరకు పోయింది. అయినా ఎవరు అడిగినా, "ఏదో, గట్టు పుణ్యాన గట్టెక్కాం" అంటాడు.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటే, ఈసారి తుఫాను రోజుల్లో వార్తలు వింటూ వాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. ఏ మాటను వాళ్ళు ఏ ఒడ్డునుంచి వింటున్నారో కనుక్కోండి.